లైబ్రరీలో పాతికేళ్లు నిండిన మనిషికి ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. కోనసీమలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీకి లైబ్రేరియన్‌గా వచ్చి మీకు ఏడాదిన్నర. మీ దగ్గర రికార్డ్ అసిస్టెంట్‌గా ఉన్నాయనకు వచ్చే జూలైతో పాతికేళ్ల సర్వీసు నిండుతుంది. ఏదైనా చేద్దామని మీరంటే ప్రిన్సిపాల్ గారు "రిటైర్మెంట్‌కి ఎలాగూ చేస్తాం కదమ్మా" అన్నారు. స్టాఫ్ రూంలో "శాలువా కప్పి ఫోటో తీసేస్తే అయిపోతుంది" అన్నారు. ఆ పెద్దాయనేమో "నాకేం వద్దండి మేడమ్" అంటున్నారు. బడ్జెట్ లేదు. ఎలా చేయాలి, అసలు చేయాలా వద్దా అని అడిగారు.

చేయాలి. రిటైర్మెంట్ దాకా ఆగకుండా ఇప్పుడే చేయాలి. నేను గోదావరికి అటూ ఇటూ రెండు డిగ్రీ కాలేజీల్లో 34 ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి 2020లో రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం కోనసీమలోనే. నా హయాంలో ఇలాంటివి బాగా జరిపినవీ ఉన్నాయి, జరపాల్సి ఉండి వదిలేసినవీ ఉన్నాయి. రెండూ చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ప్రిన్సిపాల్ గారి మాట చూద్దాం. రిటైర్మెంట్ సభ అంటే వీడ్కోలు. అక్కడ సగం మాటలు మనిషి వెళ్లిపోతున్నారన్న దిగులుతో, సగం పెన్షన్ కాగితాల గురించి సాగుతాయి. ఆ సభలో ఎంత మంచి మాట విన్నా, మర్నాడు పొద్దున్నే వచ్చి తాళం తీసి కౌంటర్ దగ్గర కూర్చోవడం ఆయనకు ఉండదు. పాతికేళ్ల సభలో విన్న మాట అలా కాదు. దాన్ని మనసులో పెట్టుకుని ఇంకా కొన్నేళ్లు ఆ ర్యాకుల మధ్యే తిరుగుతారు. పైగా అందరూ రిటైర్మెంట్ దాకా ఉండరు. మా అటెండర్ ఒకాయన 22 ఏళ్ల సర్వీసులో ఉండగా జబ్బు చేసి పోయారు. ఆయన గురించి మేమందరం నోరారా మాట్లాడింది సంతాప సభలోనే. అందులో ఒక్క మాటా ఆయన చెవిన పడలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు. ప్రిన్సిపాల్ గారు మళ్లీ రిటైర్మెంట్ అంటే ఈ సంగతి చెప్పండి.

లైబ్రరీ వాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే, మన పని సవ్యంగా జరిగినంత కాలం ఎవరి కంటికీ ఆనదు. లెక్చరర్‌కి రిజల్ట్స్ ఉంటాయి. ఆఫీసు వాళ్ల టేబుల్ చుట్టూ స్కాలర్‌షిప్ కోసం, టీసీ కోసం ఎప్పుడూ పిల్లలే. పుస్తకం ఉండాల్సిన చోట ఉంటే మాత్రం దాన్ని ఎవరో అక్కడ పెట్టారన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. లేనప్పుడే మనం గుర్తొస్తాం.

ఇక శాలువా. శాలువా కప్పడం తప్పని నేననను, మన వైపు అదొక మర్యాద. అయితే ఒక సభ గురించి చెప్పాలి. నేనూ అక్కడే ఉన్నాను. లైబ్రరీ అటెండర్‌కి 20 ఏళ్లు నిండాయని సెమినార్ హాల్లో సభ పెట్టారు. పొద్దున్నుంచీ కుర్చీలు సర్దింది ఆయనే. మైకు ఏ బీరువాలో ఉందో తెలిసిందీ ఆయనకే. పేరు పిలిచినప్పుడు వెనక నుంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వేదిక ఎక్కారు. శాలువా కప్పారు, ఫోటో తీశారు, చప్పట్లు కొట్టాం. కిందికి దిగి ఆ శాలువా నాలుగు మడతలు పెట్టి కిటికీలో ఉంచి, టీ ట్రే అందుకున్నారు. ఎవరూ వద్దనలేదు. నేనూ అనలేదు. నేను తాగిన కప్పు కూడా ఆయనే పట్టుకెళ్లారు.

ఆ ట్రే చాలా రోజులు నా కళ్ల ముందే ఉండిపోయింది. అప్పటినుంచి మా లైబ్రరీలో ఒక నియమం పెట్టాను: ఎవరి సభ అయితే వాళ్లు ఆ రోజు కుర్చీ ముట్టుకోకూడదు, కప్పు ముట్టుకోకూడదు. కుర్చీలు ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు వేస్తారు. టీ పని కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్‌కి ముందే అప్పజెబుతాం, ఆయన సభ వచ్చినప్పుడు మన వాళ్లు వెళ్లి చేస్తారు. ఆ గంటసేపు కౌంటర్లో లైబ్రేరియనే కూర్చోవాలి. మీరు చేయాల్సిన పనుల్లో అన్నిటికంటే ముందు ఇది.

సరే, సభలో ఏం చెప్పాలి? "సుదీర్ఘ కాలంగా అంకితభావంతో సేవలందించిన" అని మొదలయ్యే వాక్యం ఎవరికైనా అతుకుతుంది. ఎవరికైనా అతికే వాక్యం వింటుంటే అందులో తాను ఉన్నట్టు ఆ మనిషికి అనిపించదు. ఆయనే చేసిన పని, ఇంకొకరు చేయని పని ఒకటి పట్టుకోవాలి. అది పట్టుకోవడానికి కనీసం నెల రోజులు పడుతుంది, అందుకే ఇప్పుడే మొదలుపెట్టండి.

ఎక్కడ వెతకాలంటే, మన రిజిస్టర్లలోనే. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబర్ వేసి ఎక్కించే యాక్సెషన్ రిజిస్టర్ తీసి ఆయన చేరిన నెల పేజీ దగ్గర పెట్టండి. ఆ తేదీ తర్వాత ఎక్కిన మొదటి యాక్సెషన్ నంబర్ రాసుకోండి. నిన్న మొన్న ఎక్కిన చివరి నంబర్ రాసుకోండి. రెండింటి మధ్య తేడా ఎంతో, దాదాపు అన్ని పుస్తకాలకూ ముద్ర వేసింది, డేట్ స్లిప్ అంటించింది, పాకెట్ అతికించింది, వెన్ను మీద నంబర్ రాసింది ఆయన చేతులే. మా లైబ్రరీలో పనిచేసిన ఒక పెద్దాయనకు లెక్క చూస్తే అది 20 వేలు దాటింది. సభలో ఆ నంబర్ చెప్పినప్పుడు హాల్లో ఒక్కసారి సద్దు మణిగింది. అప్పటిదాకా ఆయన ఏం చేస్తుంటారని అడిగితే "లైబ్రరీలో ఉంటాడు" అనేవాళ్లే అందరూ.

నంబర్ ఒక్కటీ సరిపోదు. పాత విద్యార్థుల్ని అడగండి, రిటైరైన లెక్చరర్లకు ఫోన్ చేయండి. "ఆయన మీకు చేసిన సాయం ఏదైనా ఒక్కటి గుర్తుందా?" అని అడగండి. ఎలాంటివారు అని అడిగితే "చాలా మంచివాడమ్మా" అంటారు, దాంతో మనకు పనిలేదు. సాయం గురించి అడిగితే కథ వస్తుంది.

మాకు అలా బయటపడిందే తుపాను సంగతి. బయటపడింది అనడం కూడా పూర్తిగా సరికాదు, నాకు తెలుసు. కాలేజీలో మిగతా ఎవరికీ తెలియదు. 1996 నవంబర్ 6, బుధవారం. కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్లెవరూ ఆ తేదీ మర్చిపోరు. అప్పటికి మా లైబ్రరీ పెంకుటింట్లో ఉండేది. మధ్యాహ్నం నుంచే ఈదురుగాలి మొదలైంది. నేను తొందరగా ఇంటికి బయల్దేరాను. మా పెద్దాయన, పిల్లలు ఆయన్ని బాబాయ్ అనేవారు, వెనక ఉండిపోయారు. ఎరువుల బస్తాల లోపల ప్లాస్టిక్ సంచులుంటాయి చూడండి, అవి ఇంటి దగ్గర్నుంచి తెచ్చి, యాక్సెషన్ రిజిస్టర్లన్నీ వాటిలో పెట్టి, మూతి కొబ్బరి తాడుతో బిగించి, ఇనప బీరువాలో మధ్య అరలో పెట్టి తాళం వేశారు. ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజుల్లో మాకు కంప్యూటర్ లేదు. ఆ రిజిస్టర్లు పోతే ఏ పుస్తకం ఉంది, ఎప్పుడు కొన్నాం, ఎంతకు కొన్నాం అనే ఆధారం ఇంకెక్కడా లేదు. పైగా సిరా రాత, నీళ్లు తగిలితే క్షణంలో అలుక్కుపోతుంది.

రాత్రి సగం పెంకులు ఎగిరిపోయాయి. మర్నాడు రోడ్ల మీద కొబ్బరి చెట్లు అడ్డంగా పడి బస్సులు లేవు, సైకిలు కూడా నడిచే దారి లేదు. నేను మూడో రోజుకి గానీ కాలేజీ చేరలేకపోయాను. వెళ్లేసరికి బాబాయ్ అప్పటికే అక్కడ ఉన్నారు. వాళ్ల ఇంటి కప్పు కూడా పోయిందని నాకు ఆ తర్వాత వారానికి వేరేవాళ్లు చెప్పారు.

వరండాలో కొబ్బరి తాళ్లు కట్టారు. పల్చటి పుస్తకాలు మధ్యకు తెరిచి తాడు మీద వేశారు. లావువి నేల మీద నిలబెట్టి ఆకులు విసనకర్రలా విడదీసి పెట్టారు. మెరుపు కాగితం పుస్తకాలు, బోటనీ, జువాలజీ బొమ్మల పుస్తకాలున్నాయి చూశారా, అవి తడిస్తే పేజీకి పేజీ అతుక్కుని రాయిలా అయిపోతాయి. వాటికి ఒక్కో పేజీ మధ్య పాత పేపరు ముక్క పెట్టి, రెండు గంటలకోసారి ఆ ముక్కలు మార్చారు. నేను వెళ్లి, ఎండ వచ్చింది కదా ఆవరణలో పరుద్దామన్నాను. "వద్దండి, అట్టలు వంకర తిరిగిపోతాయి, నీడనే ఆరాలి" అన్నారు. ఏ లైబ్రరీ సైన్స్ క్లాసులోనూ కూర్చోని మనిషి. చేపలు, ధాన్యం, కొబ్బరి, తాటాకు, ఏది ఎండలో ఎండాలో ఏది నీడలో ఆరాలో తెలిసిన ఊరి మనిషి. అదే సరైన పద్ధతి. తడిసిన పుస్తకానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది, ఆ లోపే గాలి తగలాలి. మాకు మూడు వారాలు కరెంటు లేదు, ఫ్యాన్ అనే మాటే లేదు. ఆయన మొదటి రోజే వచ్చి పని మొదలుపెట్టకపోతే మా సైన్సు విభాగం మొత్తం చెత్తకుప్పకు వెళ్లేది.

2014లో ఆయనకు 25 ఏళ్లు నిండినప్పుడు సభలో ఆ 20 వేల లెక్క చెప్పాక నేను ఇంకేం మాట్లాడలేదు. ఆ పుస్తకాల్లో ఒకటి, ఉబ్బిపోయి, అంచు పొడుగునా గోధుమరంగు నీటి గీతతో ఉన్నది, తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. దాని యాక్సెషన్ నంబర్ చదివాను. వెనక డేట్ స్లిప్ తిప్పి, తుపాను తర్వాత ఆ పుస్తకం ఎన్నిసార్లు బయటికెళ్లిందో తేదీలు వరసగా చదివాను. చివరి తేదీ అంతకు ముందు నెలదే. ముందు వరసలో కూర్చున్న డిగ్రీ ఫైనలియర్ అమ్మాయి "ఆ పుస్తకం నేనే తీసుకున్నానండి" అని లేచి నిలబడింది. ఆ పిల్ల తుపాను నాటికి ఒకటి రెండేళ్ల పసిబిడ్డ. బాబాయ్ తల వంచుకుని కూర్చున్నారు. తర్వాత మాట్లాడమంటే రెండే మాటలన్నారు: "పుస్తకాలు తడిసినియ్యండి. ఆరబెట్టాం."

ఆ రోజు మేం చేసిన ఇంకో మంచి పని వాళ్లావిణ్ణి, పిల్లల్ని పిలవడం. సభకు ముందే లైబ్రరీకి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. పాతికేళ్లుగా తన భర్త ఎక్కడ కూర్చుంటాడో, ఏ బల్ల, ఏ కిటికీ, ఆవిడ మొదటిసారి చూసింది. ర్యాకులకు అంటించిన చీటీలు ఆయన చేతిరాతలో ఉన్నాయి. "ఇది మీ రాతేనా?" అని అడిగి, వేలితో ఆ అక్షరాల మీద రాసి చూసింది. తెలుగు సాహిత్యం ర్యాకు దగ్గర 894.827 అని ఉంటే అదేంటని అడిగింది. పుస్తకాలను విషయాల వారీగా నంబర్లతో విడదీసే డ్యూయీ పద్ధతిలో మన తెలుగు సాహిత్యానికి అదే నంబరని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి. పిల్లలు వచ్చి "బాబాయ్, ఎర్ర అట్ట పుస్తకం, పోయిన నెల ఇచ్చారే" అంటే కళ్లు తిప్పకుండా చెయ్యి పెట్టి తీసిచ్చేవారు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యులైన రంగనాథన్ గారు 1931లో రాసిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. నేను క్లాసులో చదివిన సూత్రాన్ని ఆయన చేతుల్లో చూశాను.

మీ రికార్డ్ అసిస్టెంట్ గారి దగ్గర తుపాను కథ ఉండకపోవచ్చు. కానీ ఏదో ఒకటి ఉంటుంది. కార్డు కేటలాగ్ నుంచి కంప్యూటర్‌కి మారినప్పుడు పాత కార్డులన్నీ చూసి చెప్పింది ఎవరు? కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ టీమ్ వచ్చే ముందు రాత్రుళ్లు కూర్చుని స్టాక్ సరిచూసింది ఎవరు? కోవిడ్‌లో లైబ్రరీ మూసేసినప్పుడు చెదలు పట్టకుండా వారానికోసారి వచ్చి తలుపులు తీసింది ఎవరు? అడగండి, దొరుకుతుంది. దొరికింది ఒక కాగితం మీద రాసి ఫ్రేము కట్టించండి. ఫలానా సంవత్సరం, ఫలానా పని చేసినందుకు అని అందులో స్పష్టంగా ఉండాలి. పేరు, ఇనిషియల్, హోదా సర్వీస్ రిజిస్టర్‌లో ఎలా ఉన్నాయో అలాగే రాయించండి. ఒక సభలో అధ్యక్షులు సన్మానం పొందే ఆవిడ పేరు తప్పు చదివారు. మెమెంటో మీదా అదే తప్పు పడింది. ఆవిడ దాన్ని ఇంట్లో పెట్టుకోలేదని తర్వాత తెలిసింది.

ఆయన "నాకేం వద్దండి" అంటున్నారన్నారు. మన వైపు పెద్దవాళ్లు మొదటిసారి అడిగితే అలాగే అంటారు, అది మొహమాటం. కానీ నిజంగానే వద్దనేవాళ్లూ ఉంటారు. తేడా తెలుసుకోవాలంటే నలుగురిలో అడగొద్దు. సాయంత్రం అందరూ వెళ్లాక, తాళాలు వేసేటప్పుడు, ఒక్కరినే అడగండి. సభ ఇష్టం లేదంటే సభ పెట్టకండి. వేదిక ఎక్కాలంటే చెమటలు పట్టేవాళ్లని బలవంతాన ఎక్కిస్తే అది వాళ్లకు టెన్షన్ పెట్టడమే. మా అసిస్టెంట్ లైబ్రేరియన్ ఒకావిడ సభ వద్దంది. రీడింగ్ రూంలో ఉదయం తొమ్మిదిన్నరకి, పిల్లలు రాకముందు, ఆరుగురం కూర్చుని టిఫిన్ చేశాం. పాత విద్యార్థులు రాసిన ఉత్తరాలు ఒక ఫైల్లో పెట్టి చేతికిచ్చాం. చదువుకోవడానికి ఆవిడ ఆ మధ్యాహ్నం సెలవు పెట్టింది. ఆవిడకు అదే సరైన పద్ధతి.

డబ్బు సంగతి. స్పెషల్ ఫీజు ఖాతాలోంచి గానీ లైబ్రరీ ఫండ్‌లోంచి గానీ రూపాయి తీయకండి, ఆడిట్‌లో అభ్యంతరం పెడతారు, అది చివరికి ఆయన పేరు మీదే చెడ్డ మాటగా మిగులుతుంది. స్టాఫ్ ఇష్టపూర్వకంగా తలా వంద వేసుకుంటే చాలు. స్వీపర్ దగ్గర, అవుట్‌సోర్సింగ్ వాళ్ల దగ్గర తీసుకోవద్దు. నగదు కవరు ఇవ్వకండి, ఈసారి ఆయనకు ఇంత, పోయినసారి ఈయనకు అంత అనే లెక్కలు మొదలవుతాయి.

కానుకగా నేను ఎప్పుడూ చెప్పేది పుస్తకం, అదీ లైబ్రరీకే. ఆయన్నే ఒక పుస్తకం ఎంచుకోమనండి, ఏదైనా సరే, నచ్చింది. మనం కొని, లోపలి అట్ట మీద ఆయన పేరు, 25 ఏళ్ల సర్వీసు, తేదీ ఉన్న చీటీ అంటించి, దానం కింద యాక్సెషన్ రిజిస్టర్లో ఎక్కించాలి. ఆ ఒక్క పుస్తకానికి ముద్ర, స్లిప్, పాకెట్ అన్నీ మీరు చేయండి, ఆయన చేత చేయించకండి. బాబాయ్ చేపల పెంపకం పుస్తకం ఎంచుకున్నారు. తెలుగు లెక్చరర్ గారు ఇంకేదైనా గొప్ప పుస్తకం ఎంచుకోవచ్చు కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్లబ్బాయి చెరువు లీజుకి తీసుకున్నాడు, ఆయనకు కావలసింది అదే. ఇంటికి ఇవ్వడానికైతే కడియం నర్సరీ నుంచి ఒక మంచి మామిడి అంటు తెచ్చివ్వండి. స్థలం లేనివాళ్లకు కుండీ మొక్క.

దీంతో పాటు సర్వీస్ రిజిస్టర్ తీయించి చూడటం మర్చిపోకండి. ప్రభుత్వ ఉద్యోగులకు ప్రమోషన్ లేకుండా ఒకే పోస్టులో ఉంటే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీం కింద 6, 12, 18, 24 ఏళ్లకు స్కేలు మారాలి. మీ పెద్దాయన అటెండర్‌గా చేరి ప్రమోషన్ మీద రికార్డ్ అసిస్టెంట్ అయి ఉంటే లెక్క ప్రమోషన్ తేదీ నుంచి మొదలవుతుంది. అలా కాక మొదటి నుంచీ ఇదే పోస్టయితే 24 ఏళ్లది ఏడాది కిందటే రావాల్సింది. వచ్చిందా? ఆఫీసు సూపరింటెండెంట్ గారితో కూర్చుని ఎంట్రీలు చూడండి. చిన్న ఉద్యోగులు తమ ఫైలు గురించి అడగడానికి జంకుతారు. సభకు ముందు ఆ ఫైలు కదిలించి ఆర్డరు చేతికిస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. మేం ఒకసారి అలా చేశాం, రావాల్సిన స్కేలు మూడేళ్లుగా ఆగిపోయి ఉందని తేలింది.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెబుతాను, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీ దగ్గర స్వీపర్ అవుట్‌సోర్సింగ్ అని రాశారు. ఆవిడ ఎప్పటినుంచి ఉందో కనుక్కున్నారా?

మా దగ్గర ఒకావిడ 18 ఏళ్లు లైబ్రరీ ఊడ్చింది. ఈ లోపు ఏజెన్సీలు మూడు మారాయి. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త ఆర్డరు, కొత్త తేదీ. కాగితం మీద చూస్తే ఆవిడ సర్వీసు ఎప్పుడూ నాలుగైదేళ్లు దాటదు. మా డెల్టా నేల సంగతి మీకు తెలుసు, రెండు అడుగులు తవ్వితే నీరు, గోడలకు ఎప్పుడూ చెమ్మే, చెదలు ఎటునుంచి ఎక్కుతుందో తెలీదు. ఆవిడ చీపురు పట్టుకుని వంగినప్పుడు ర్యాకు అడుగున కొత్త మట్టి గీత కనిపిస్తే వేలితో గీకి చూసేది. తర్వాత చెక్కని వేలి కణుపుతో తట్టి, శబ్దం విని, "ఇది లోపల తినేసిందమ్మగారూ, పైన బాగానే కనిపిస్తంది" అనేది. రెండుసార్లు పూర్తి బీరువాలు ఆవిడ మాట వల్లే దక్కాయి. సన్మానాల జాబితా రాసేటప్పుడు ఆవిడ పేరు నేనే రాయలేదు. "ఆవిడ మన సర్వీసు కాదు కదా" అని ఆఫీసులో అన్నారు, నేను సరేనన్నాను. నేను రిటైరయ్యే రోజు ఆవిడ నాకు పూలదండ తెచ్చింది. ఆ దండ తీసుకున్నప్పుడు నా తప్పు నాకు తెలిసింది, అప్పటికి సరిదిద్దే అధికారం నా చేతిలో లేదు.

అందుకే చెబుతున్నాను. మనిషి మొదటిసారి మన లైబ్రరీ గుమ్మం తొక్కి పనిలోకి వచ్చిన రోజు నుంచి లెక్క కట్టండి. ఏజెన్సీ ఏది, ఆర్డరు తేదీ ఏది అన్నది జీతాల సెక్షన్ వాళ్లకు అవసరం, మనకు కాదు. 2021లో ఎయిడెడ్ సిబ్బంది చాలామంది ప్రభుత్వ కాలేజీలకు మారారు కదా, వాళ్లలో ఎవరైనా మీ పక్క కాలేజీల్లో ఉంటే వాళ్లకూ ఇదే. పాత కాలేజీలో చేసిన ఏళ్లు కలపాలి. కొత్త చోట నిన్న వచ్చినవాళ్లలా కూర్చోబెడితే ఆ బాధ చెప్పుకోలేరు. ఒక నోట్‌బుక్ తీసి లైబ్రరీలో ఉన్న అందరి మొదటి రోజు తేదీలూ రాసి పెట్టుకోండి, మీది కూడా. 5, 10, 15, 20, 25 ఏళ్లకు ఎవరికైనా ఒకే పద్ధతి అని ఇప్పుడే తేల్చుకోండి. ఒకరికి చేసి ఒకరికి మానేస్తే అసలు చేయకపోవడం కంటే ఎక్కువ నొచ్చుకుంటారు. ఐదేళ్లకూ పదేళ్లకూ పెద్ద సభలు అక్కర్లేదు. చేత్తో రాసిన ఒక ఉత్తరం, అందరం కలిసి ఒక టీ.

తేదీ గురించి. ఆగస్టు 12న రంగనాథన్ గారి జయంతి, లైబ్రేరియన్స్ డే, దానితో కలిపేద్దామని ఎవరో ఒకరు అంటారు. కలపకండి. ఆ రోజు దండ రంగనాథన్ గారి ఫోటోకి పడుతుంది, మీ పెద్దాయన పక్కన నిలబడిపోతారు. పాతికేళ్లవి మనిషి చేరిన తేదీనే చేయాలి. ఆదివారం వస్తే ముందు రోజు. ఐదేళ్లవి, పదేళ్లవి మాత్రం కలిపి నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం పెట్టుకోవచ్చు. 1919 నవంబర్ 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్య గారు మన కొంకుదురు వారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టినవారిలో ముఖ్యులు. లైబ్రరీలో పుస్తకం అందించే మనిషికి మన గోదావరి జిల్లాల్లో ఎంత పాత గౌరవం ఉందో ఆ సాయంత్రం పిల్లలకు చెప్పండి. పుస్తకాలు బీరువాల్లో కాదు, జనం చేతుల్లో ఉండాలని ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించిన మనిషి పుట్టిన చోటు ఇక్కడికి దగ్గరే.

సభ 40 నిమిషాలు దాటనివ్వకండి. ప్రిన్సిపాల్ గారు మూడు నిమిషాలు, పాత విద్యార్థి ఒకరు, రిటైరైన లెక్చరర్ ఒకరు, మీరు, తర్వాత ఆయన. మాట్లాడనంటే వదిలేయండి. మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెడితే నాలుగు లోపు అయిపోతుంది, లంకల నుంచి వచ్చే బంధువులు చీకటి పడకుండా రేవు దాటి వెళ్లగలుగుతారు. జూలై అంటే వాన ఉంటుంది, ఆవరణలో షామియానా ఆలోచన వద్దు, రీడింగ్ రూం చాలు. ఆయన చేరిన సంవత్సరం కొన్న పుస్తకాలు ఒక బల్ల మీద పరవండి, ఆయన చేతిరాత మొదటిసారి కనిపించే రిజిస్టర్ పేజీ తెరిచి పక్కనే పెట్టండి. కేకు మీద కొవ్వొత్తులు ఆర్పించే పద్ధతి నాకైతే నచ్చదు, మీ ఇష్టం. మనకు ఆత్రేయపురం పూతరేకులుండగా కేకెందుకు. రెండు రోజుల ముందే చెప్పి పెట్టండి, అప్పటికప్పుడు చుట్టినవి ఇస్తారు. బెల్లంవీ పంచదారవీ వేరువేరుగా ఉంటాయి. ఆయనకు షుగర్ ఉందేమో ఇంట్లోవాళ్లను ఫోన్‌లో కనుక్కోండి, ఉంటే కారప్పూస కూడా ఒక కేజీ తెప్పించండి.